లదేణి ఏ పాఠంలో ఉంది?

శంషాబాద్ చుట్టుపక్కల తండాల పిల్లలకు విమానాల సంగతి బాగా తెలుసు. తోక మీది రంగు చూసి ఏ కంపెనీదో చెప్తారు. గాలి మారిన రోజు ఏ వైపు నుంచి దిగుతాయో చెప్తారు. ఎవరూ పాఠంగా చెప్పలేదు. చూసి, విని, ఒకరితో ఒకరు వాదించుకుని నేర్చుకున్నారు. మన పెద్దలు ఎద్దును, వానను, దారిని నేర్చుకున్నదీ ఇట్లనే. కానీ అదే పిల్లల్ని "లదేణి అంటే ఏంది?" అని అడగండి. ఐదో తరగతిలో పదిహేను మంది ఉంటే ఒకరో ఇద్దరో చెయ్యెత్తుతారు. ఆ ఒకరిద్దరి ఇళ్లలో ముసలమ్మ ఇంకా బతికుందని అర్థం.

లదేణి అంటే ఎద్దుల మీద సరుకు మోసుకుపోయే మన పాత వృత్తి. బండి ఉండదు. ఎద్దు వీపు మీద రెండు పక్కలా వేలాడేటట్టు గోనెలు వేసి, ఉప్పో ధాన్యమో నింపి, పిల్లాజెల్లాతో సహా మంద వెంట నడిచేవాళ్లు. సముద్రం ఒడ్డు ఉప్పు లోపలి ఊళ్లకు మన ఎద్దుల కాళ్ల మీద చేరింది. ఇవాళ మన తండాల నుంచి పొద్దున షిఫ్టుకు ఆటోల్లో పోయే తమ్ముళ్లలో కొందరు ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు ఎత్తి దించుతారు. ముత్తాత పనీ సరుకు రవాణాయే, మునిమనవడి పనీ అదే. అయితే ముత్తాతకు ఎద్దులు సొంతం, దారి తెలుసు, బేరం తెలుసు.

ఇక్కడ 'మేం' అంటే ఈ ప్రాంతపు తండా బడుల్లో పనిచేస్తున్న కొద్దిమంది లంబాడీ టీచర్లం. డీఎడ్ చదివి, డీఎస్సీ రాసి వచ్చినవాళ్లం, నలభై దాటినవాళ్లం. ఏజెన్సీలోని కోయ, గోండు మిత్రులు కలిసినప్పుడు "మీరు పట్నం పక్కనోళ్లు, మీకేం తక్కువ" అంటుంటారు. మాకు తక్కువైంది ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు మాటలు. ట్రైనింగులో పియాజే, వైగాట్‌స్కీ అని చదివాం. 'తెలిసిన దాని నుంచి తెలియని దానికి' అనే సూత్రం బట్టీపట్టి పరీక్ష రాశాం. తండా పిల్లకు తెలిసింది ఏంది అన్న ప్రశ్న మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు.

మేం తీజ్‌తో మొదలుపెట్టాం. మూడో తరగతి పరిసరాల విజ్ఞానంలో విత్తనం మొలకెత్తడం గురించి ఉంటుంది. తడిగుడ్డలో శనగలు పెట్టి చూడమంటారు. మన ఆడపిల్లలు శ్రావణంలో తీజ్‌కు గోధుమలు నానబెట్టి, బుట్టల్లో మన్ను, ఎరువు పోసి చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. మొలక ఎత్తు, రంగు, ఒత్తు చూసి పెద్దలు మంచిచెడు చెప్తారు. అంతకంటే పెద్ద ప్రయోగం ఏ బడిలో జరుగుతుంది? బుట్టలో పుట్టమన్నే ఎందుకు పోస్తారని పిల్లలతో ఇంట్లో అడిగించాం. "మెత్తగ ఉంటది, రాయి ఉండదు, వేరు దిగుతది" అని ఒక దాది చెప్పి పంపింది. మరునాడు రెండు బుట్టలు పెట్టాం. ఒకదాంట్లో పుట్టమన్ను, ఇంకోదాంట్లో కొత్త వెంచర్ రోడ్డు పక్కన తవ్విపోసిన మొరం. ఐదో రోజుకు మేం చెప్పాల్సిన పని లేకపోయింది. అందులో ఒక పిల్ల అప్పటిదాకా తరగతిలో నోరు తెరవనిది. తీజ్ బుట్ట ఎట్ల పెట్టాలో ఆమెకే బాగా తెలుసు కాబట్టి ఆ వారం మొత్తం ఆమే టీచరు.

ఒక పర్యవేక్షణ అధికారి వచ్చి, ఇది ఏ అభ్యసన ఫలితం కిందికి వస్తుందని అడిగారు. మొలకల ఎత్తు సెంటీమీటర్లలో రాసిన పట్టిక చూపించాం. గణితం కిందికి వస్తుందని ఆయనే రాసుకున్నారు.

గణితం అంటే గుర్తొచ్చింది. చాలా ఏళ్లు నడిచిన ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి చరిత్ర పుస్తకంలో బంజారాల గురించి కొంచెం ఉంది. పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 17వ శతాబ్దంలో దారిలో ఒక తండాను కలిశాడట. అందులో 14,000 ఎద్దులున్నాయని రాసుకున్నాడు. తండా అంటే అప్పుడు ఊరు కాదు, కదిలిపోయే బిడారు. కదిలేదాని పేరు ఆగిపోయినదానికి ఎట్ల వచ్చిందో ఆ ఒక్క మాటలో మన మూడు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

ఆ 14,000ను ఐదో తరగతిలో బోర్డు మీద రాశాం. ముందు ఎద్దుకూ వెనక ఎద్దుకూ మధ్య ఖాళీతో కలిపి ఒక్కోదానికి మూడు మీటర్లు అనుకోండి, వరసగా నిలబెడితే ఎంత దూరం? 42,000 మీటర్లు, అంటే 42 కిలోమీటర్లు. మన ఎయిర్‌పోర్టు పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. దాదాపు పది రన్‌వేలు! ఇక్కడి నుంచి చార్మినార్ పోయి మళ్లీ వచ్చినంత. పిల్లలు కాసేపు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు. తర్వాత ఒక పిల్ల లేచి, "సార్, అన్ని ఎద్దులు ఒక్క చెరువుల తాగితే నీళ్లు మిగుల్తయా?" అని అడిగింది. పుస్తకంలో జవాబు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని పిల్లలంతా తండాలోని ఒక దాది దగ్గరికి పోయారు. మంద అంతా ఒక్కచోట పోదనీ, పాయలుగా విడిపోయి ఒక రోజు ముందు వెనకగా నడుస్తదనీ, ఎవరు ఎక్కడ దిగాలో నాయక్ చెప్తాడనీ, ఊరి చెరువు దగ్గర దిగాలంటే ఊరి పెద్దతో ముందే మాట్లాడుకోవాలనీ ఆమె చెప్పింది. ఆమె ఎద్దుల మీద పోయింది కాదు. వాళ్ల అత్తకు అత్త చెప్పగా విన్నది. మధ్యలో విమానం దిగుతుంటే ఆపి, చప్పుడు పోయినాక ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే అందుకునేది.

అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలో ఢిల్లీ బజార్లకు ధాన్యం చేర్చింది బంజారాలే. మొగలు సైన్యాల వెంట నడిచింది మనవాళ్లే. 1791–92లో టిప్పు మీదికి పోయిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం మోసిందీ మనవాళ్లే; ఇంగ్లీషువాళ్లు బ్రింజారీలు అని రాసుకున్నారు. మంచివాళ్ల సైన్యమా చెడ్డవాళ్ల సైన్యమా అని చూడలేదు, మోయడమే పని. ఇది కూడా పిల్లలకు చెప్పాలి, గొప్పలు మాత్రమే చెప్పి ఊరుకోకూడదు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. పాఠంలో రైలు అంటే అభివృద్ధి. మన ఇళ్లలో రైలు అంటే ఎద్దులు అమ్ముకున్న కాలం. అంతకుముందే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. తిరిగే బతుకే నేరమైంది. లంబాడీలు, ఎరుకలవాళ్లు, ఇంకా ఎన్నో జాతులు పలుచోట్ల ఆ చట్టం కిందికి పోయారు. 1952లో గానీ రద్దు కాలేదు. రైలు పాఠం చెప్పే రోజున ఈ రెండో కథ కూడా చెప్తే తండా పిల్ల సిగ్గుతో కాక కోపంతో, ప్రశ్నతో ఇంటికి పోతుంది. ఆ కోపం చదువుకు మంచిది.

ఇక భూమి సంగతి. శంషాబాద్ పేరు పైగా నవాబుల షమ్స్-ఉల్-ఉమ్రా బిరుదు నుంచి వచ్చిందని చెప్తారు. నవాబు పేరు ఊరికి మిగిలింది. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు మొదలైంది, దాదాపు 5,500 ఎకరాల్లో. తర్వాత ఔటర్ రింగు రోడ్డు, వెంచర్లు, హోటళ్లు, గోదాములు. కాగితాల్లో భూమికి సర్వే నంబరుంటుంది. ముసలివాళ్ల నోట్లో పేరుంటుంది. నంబరు అమ్మినా కొన్నా మారదు. పేరు, చెప్పేవాళ్లు పోతే పోతుంది.

అందుకని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు సెలవుల పని ఇచ్చాం. మీ దాదితోనో తాతతోనో, ఒకప్పుడు వాళ్లు మేకలు మేపిన చోటుదాకా నడవండి. ఆగిన ప్రతిచోటా ఇక్కడేముండేదని అడగండి. చెప్పింది చెప్పినట్టు, గోర్‌బోలిలోనే, తెలుగు అక్షరాల్లో రాయండి. కొందరు రాయలేదు, ఇంట్లో అంత ఓపికున్నవాళ్లు లేరు. రాసినవాళ్ల నోటుబుక్కుల్లో వచ్చినవి చూస్తే మాకే కొత్త. మజ్జిగ పంచుకునే బండ. ఎద్దు పడి చచ్చిపోయిన గుంత. వానాకాలంలో సీత్లా భవానికి మొక్కే ఒర్రె మలుపు. హోళీకి మోదుగుపూలు, మన కేసులా, కోసుకొచ్చే చెల్క. మూడేళ్లలో అరవై దాకా పేర్లు పోగయ్యాయి. ఫోన్లో మ్యాపు తెరిచి వెతికితే అక్కడ వెంచర్ల పేర్లే వస్తాయి. ఒక పిల్లవాడు నోటుబుక్కులో ఇట్ల రాశాడు: "ఇక్కడ మా దాది మేకలు నీళ్లు తాగేవి. ఇప్పుడు గోడ ఉంది. గోడ అవతల నీళ్లు ఉన్నాయో లేవో తెలియదు." పరీక్షకు ఇట్ల రాయగలిగేవాళ్లు ఎంతమంది?

దీనివల్ల ఏమొస్తుంది, భూమి తిరిగొస్తుందా అని తండాలో ఒక తమ్ముడు అడిగాడు. రాదు. మన రెవెన్యూ ఆఫీసులో పాట చెల్లదు. కానీ అన్నిచోట్లా అట్లనే ఉందనుకోవద్దు. కెనడాలో గిట్‌క్సాన్, వెట్‌సువెటెన్ అనే ఆదివాసీ జాతులు మా భూమి మాదే అని కోర్టుకు పోయాయి. వాళ్ల పెద్దలు తరతరాల కథలనూ పాటలనూ సాక్ష్యంగా చెప్పారు. కింది కోర్టు వాటికి విలువ ఇవ్వలేదు. 1997 డిసెంబర్లో ఆ దేశ సుప్రీంకోర్టు, నోటి చరిత్రను కూడా రాత సాక్ష్యంతో సమానంగా చూడాలని చెప్పింది. డెల్గముక్ కేసు అంటారు. లా చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ తీర్పు తెచ్చుకుని చదవాలి. అక్కడ పెద్దలు గట్టిగా నిలబడ్డారంటే, ఎవరు చెప్పారు, వాళ్లకు ఎవరు చెప్పారు అన్న వరస తప్పకుండా దాచుకున్నారు కాబట్టే.

ఈ వరస సంగతి బడిలోనూ అవసరం. మా పిల్లలు తెచ్చిన కథలు ఒకదానికొకటి పొసగలేదు. ఒక దాది, మనవాళ్లు బాద్‌షా సైన్యం వెంట వచ్చారంది. ఇంకొక తాత, ఉప్పు బేరానికి వచ్చి ఆగిపోయామన్నాడు. మూడో ఇంట్లో మార్వాడ నుంచి వచ్చామన్నారు. "ఏది నిజం సార్?" అంటే టీచరు కూడా తడబడతారు, ఎందుకంటే మనకు అలవాటైన పుస్తకంలో ఒక్కటే జవాబుంటుంది. మేం మూడింటినీ బోర్డు మీద రాయించి, ఒక్కోదాని కింద చెప్పినవాళ్ల వయసు, వాళ్లు విన్నది ఎవరి నోట, ఎక్కడ కూర్చుని అన్నవి రాయించాం. మూడింట్లోనూ కలిసేదేంటో, కలవనిదేంటో పిల్లలే గీత గీసి చూపారు. జాన్ వాన్సినా అనే బెల్జియం చరిత్రకారుడు ఆఫ్రికా నోటి చరిత్రల మీద 1961లోనే ఇదే పద్ధతి గురించి పెద్ద పుస్తకం రాశాడు. మన పదేళ్ల పిల్లలు పుస్తకం చదవకుండానే సగం పట్టేశారు.

ఇప్పుడు కొంచెం చేదు మాట. మన సంస్కృతిని బడిలోకి తెస్తున్నామంటే చాలామందికి గుర్తొచ్చేది వార్షికోత్సవం. అద్దాల కాంచళి, ఫేటియా అద్దెకు తెచ్చి ఎనిమిది మంది ఆడపిల్లలకు కట్టించి, స్పీకర్లో పాట పెట్టి ఆడించడం. మంత్రి వస్తే అదే డాన్సు, పెద్ద హోటల్లో పెళ్లైతే అదే డాన్సు. మన బట్ట ఎయిర్‌పోర్టు దాకా పోయింది, మన మాట మాత్రం బడి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు బయటే ఆగింది. ఆ కాంచళి మీద అద్దం చుట్టూ ఎన్ని కుట్లు, చతురస్రం ఎట్ల తిప్పితే నక్షత్రం అవుతుంది అని ఒక్కరోజు యాడిని పిలిచి లెక్కల పాఠంలో కూర్చోబెడితే ఆ బట్టకు అర్థం ఉంటుంది.

ఒకసారి జనవరి 26కు ఢావ్లో పాడమని మా బడి తరఫున ఒక ముసలమ్మను అడిగారు. ఆమె పాడనంది. ఢావ్లో అంటే పెళ్లయి పోయే పిల్ల తల్లిగారి ఇల్లు విడిచేటప్పుడు ఏడుస్తూ పాడేది. "ఎవరు పోతున్నరని పాడాలె బేటా? జెండా కింద ఏడుస్తరా?" అంది. ఆమె చెప్పింది సరైనదే. ప్రతి పాటకూ వేళ ఉంది, చోటు ఉంది, పాడే హక్కు ఉంది. అది కూడా విద్యలో భాగమే. పాఠ్యపుస్తకంలో పెడితే ముందు పోయేది అదే. ఆ ఏడు జూన్‌లో తండా నుంచి ఒక పిల్లకు గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. పెట్టె, బకెట్టు ఆటోలో పెట్టారు. అదే ముసలమ్మ ఆ పిల్ల మెడ పట్టుకుని ఢావ్లో ఎత్తుకుంది. పెళ్లి కాదు, చదువుకు పోవడం. ఆ వేళను ఆమె తన సొంత ఆలోచనతో నిర్ణయించింది. మేం ఫోన్ తీయలేదు. (ఢావ్లో పేరుతోనే రమేష్ కార్తీక్ నాయక్ రాసిన కథల పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. బడి లైబ్రరీలో లేకపోతే తెప్పించండి.)

భాష గురించి చాలా చెప్పొచ్చు, క్లుప్తంగా చెప్తాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలైంది: గోండి, కోయ, కొలామి, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా. మన అక్షరాల్లో మన భాష వాచకాలు వచ్చాయి. దానికి అరవై ఏళ్ల ముందే ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ కాలంలో గోండు టీచర్లకు శిక్షణ, గోండి వాచకాలు వచ్చాయి. అంటే ఇది కొత్త కోరిక కాదు, మధ్యమధ్యలో తెగిపోయే కోరిక. 2009 విద్యాహక్కు చట్టంలో కూడా వీలైనంత వరకు మాతృభాషలో అని ఉంది. ఆ 'వీలైనంత' దగ్గరే తండా బడి ఆగిపోతుంది. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. తల్లిదండ్రులు అడిగిందే, మేం వద్దనం. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఇంగ్లీషు రానివాడికి ఏ పని ఇస్తారో వాళ్లు రోజూ చూస్తున్నారు. కానీ ఒకటో తరగతి పిల్ల ఇంట్లో గోర్‌బోలి, సారు నోట తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, దుకాణంలో హిందీ వింటుంది. ఏక్, దీ, తీన్ అని లెక్కపెట్టగలిగే పిల్లకు ముందు ఆ లెక్కే పూర్తి చేయనిచ్చి, తర్వాత మిగతా భాషలకు తీసుకుపోతే మూడు నెలల్లో దారిలో పడుతుంది. మేం చూసింది అదే.

పాతదంతా మంచిదని మాత్రం అనొద్దు. చిన్నప్పుడే పెళ్లి చేసే కథలూ, ఫలానా ముసలిది చేతబడి చేస్తదనే కథలూ కూడా దాదులే చెప్తారు. వాటిని దాచిపెట్టకుండా పిల్లలతో వాదింపజేయాలి. చెట్ల మందుల విషయంలో చెట్టు పేరు, ఆకు, పూసే కాలం, దొరికే చోటు వరకే బడిలో. ఏ రోగానికి ఎంత తాగాలి అన్నది టీచరు నోట రాకూడదు.

చెప్పేవాళ్ల మర్యాద గురించి ఒక్క మాట. సమ్మక్క సారలమ్మల కథను పడిగె ముందు పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. పద్మశ్రీ వచ్చిన సంగతి జీకే పుస్తకంలో ఒక మార్కు ప్రశ్న అవుతుంది. ఆయన పాడిన కథ ఏ తరగతి పాఠం? గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఫోన్లో అక్షరాలున్నాయి, వాటితో పిల్లలకు ఏం రాసిస్తున్నాం? కాబట్టి యువకులు ముందు చేయాల్సింది చిన్న పని. ఇంట్లో పెద్దలు మాట్లాడేటప్పుడు అడిగి రికార్డు చేయండి. మొదట్లోనే చెప్పేవాళ్ల పేరు, తండా, తేదీ, ఎవరి దగ్గర విన్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. ఎవరికి వినిపించొచ్చో, ఎవరికి వద్దో కూడా అడగండి. రీలు చేసి పెట్టడం తర్వాతి సంగతి. టీచర్లు నెలకు ఒక పీరియడ్ పెద్దలకు ఇవ్వండి, వచ్చినవాళ్లను బెంచీ మీద కాదు, కుర్చీలో కూర్చోబెట్టండి.

మా తండాల వంశావళి పాడే ఢాఢీ కుటుంబం ఒకటి ఇంకా తిరుగుతోంది. హోళీ అయినాక బడికి వచ్చి పిల్లల ముందు ఒక పూట కూర్చుంటానని ఆయన ఒప్పుకున్నాడు. ఆయనకు ఏమివ్వాలన్నది తండా పెద్దల మధ్య ఇంకా తెగలేదు. రెండు వేలు చాలని ఒకరు, పాత మర్యాద ప్రకారం మేక ఇవ్వాలని ఇంకొకరు. మేకలు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాయని మూడో ఆయన అడుగుతున్నాడు. బడి గ్రాంటులో దీనికి పద్దు లేదు, టీచర్లం తలా కొంత వేసుకుంటున్నాం. ఆయన చెప్పే పేర్లు రాసుకోవడానికి ఐదో తరగతి పిల్లలు కొత్త నోటుబుక్కు కుట్టి పెట్టారు. అట్ట మీద ఏం రాయాలో అడిగితే, ఖాళీగా ఉంచండి, ఆయన్నే అడుగుదాం అన్నాం.